గ్రీకుమూలమున నిజముగా అట్లున్నదా?

తెలుగునాట ప్రసంగవేదిక నెక్కిన దైవసేవకుడు "గ్రీకుమూలములో ఈ మాటకు అర్థము వేరు" అని గొంతు సవరించుకొనెనా, అంతవరకు కునుకుపాట్లు పడుచున్న వృద్ధులు సైతము తలలెత్తి విందురు. మూలభాషలకు మన సంఘములలో గల గౌరవమట్టిది. ఆ గౌరవము చాటున కొన్ని అపోహలు చిరకాలముగా నిలిచియున్నవి. వేదాంత కళాశాల గడప త్రొక్కనివారియందే కాక, పట్టము పుచ్చుకొనివచ్చిన వారియందును అవి కానవచ్చుచుండుటచేత వానిని విచారించుట యుక్తము.

అన్నిటికంటె వ్యాపించినది 'అగాపే' దైవికమైన నిస్స్వార్థప్రేమకును, 'ఫిలియా' మానవస్నేహమునకును ప్రత్యేకింపబడిన పదములను అపోహ. వినుటకు రమ్యముగనే యున్నది. గ్రంథము మాత్రము సాక్ష్యమీయదు. తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడని చెప్పుచు యోహాను తన సువార్త 3:35లో 'అగపావో' అను క్రియను, 5:20లో 'ఫిలేయో' అను క్రియను వాడెను. ప్రేమ యొక్కటే, క్రియలు రెండు. అంతేకాదు, సోదరియైన తామారును బలాత్కరించిన అమ్నోనుని కామమును రెండవ సమూయేలు 13వ అధ్యాయమున వర్ణించుచు, హెబ్రీ లేఖనముల ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింటు ప్రయోగించినది అగాపే పదమునే. ఇహలోకముపై మోజుతో పౌలును విడిచిపోయిన దేమాను గూర్చి తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలోను ఆ క్రియయే యున్నది. దైవప్రేమ యెట్టిదో తెలుపునవి సిలువను గూర్చిన వాక్యములు గాని, ఆ యొంటిపదము గాదు.

పదమును విరిచి ధాతువును చూపినంతనే అర్థము తేలుననునది మరియొక భ్రమ. యోగమునకును (ధాతువునుబట్టి కలుగు అర్థము) రూఢికిని (వాడుకలో స్థిరపడిన అర్థము) గల భేదమును మన శాస్త్రకారులు ఏనాడో నిర్ణయించియుండగా తెలుగువాడు ఇందు చిక్కుకొనుట వింతయే. పంకజమనగా బురదలో పుట్టినది; కప్పయు బురదలోనే పుట్టును, దానిని పంకజమన్న కవి లేడు. అట్లే 'ఎక్లేసియా' అను పదమును 'వెలుపలికి పిలువబడినవారు' అని విడదీసి, దానిపై గంటసేపు ప్రసంగము నడపువారు, అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయమును మరతురు. ఎఫెసు నాటకశాలలో అర్తెమిదేవి పేర రెండు గంటలసేపు కేకలు వేసిన గుంపునకు లూకా వాడిన మాటయు అదియే! ఆనాటి వాడుకలో దానికి సభ యనియే అర్థము. ఇక శక్తియని అర్థముగల 'దునామిస్' అనగా డైనమైటు అని గర్జించువారికి చెప్పవలసినది స్వల్పము: నోబెల్ డైనమైటునకు పేటెంటు పొందినది 1867లో, పౌలు ఆ పదమును వాడి రోమీయులకు వ్రాసిన సుమారు 18 శతాబ్దముల తరువాత. ఇట్టి పద్ధతిని జేమ్స్ బార్ అను పండితుడు 1961లో వెలువరించిన గ్రంథమున నిశితముగా ఖండించెను.

క్రొత్త నిబంధన గ్రీకు స్వర్గమునుండి దిగిన ప్రత్యేకభాషయను నమ్మకమును ఒకప్పుడు పండితులలోను కొందరికుండెను. ఈజిప్టు ఇసుకలో దొరికిన పపైరసు పత్రములు, అనగా అప్పుపత్రములు, పన్ను రసీదులు, ఇంటికి వ్రాసిన ఉత్తరములు, ఆ నమ్మకమును సడలించినవి. అపొస్తలులు వ్రాసినది అంగడిలో జనులాడుకొను భాషయేనని వాని సాయమున చూపినవాడు అడాల్ఫ్ డైస్మన్ అను పండితుడు.

ఇట్టి భ్రమలు తొలగుటకు చదువు కావలెననగా, "పేతురు యోహానులు విద్యలేని పామరులు గదా, మనకు సెమినరీ యేల?" అనువారు గలరు. వారినట్లు తలచినవారు యెరూషలేము ప్రధానులు. రబ్బీల యొద్ద చదువలేదనుటయే దాని భావము. ప్రధానుల ఆ తలంపును తెలుపు వచనమే పేతురు యోహానులు యేసుతో కూడ ఉండినవారనియు చెప్పుచున్నది, అంతకు మించిన తరిఫీదు ఏది? పౌలు గమలీయేలు పాదములయొద్ద చదివినవాడు. వాగ్ధాటిగల అపొల్లో సహితము ప్రిస్కిల్ల అకులల యొద్ద మరింత పూర్తిగా నేర్చుకొనెను. 1818లో స్థాపితమైన సేరంపూరు కళాశాల సెనేటునకు అనుబంధమైన వేదాంత కళాశాల మన హైదరాబాదునందే కలదు. మూలభాషలు అక్కడ నేర్వవచ్చును. 1890లో వెలువడిన స్ట్రాంగ్ పదానుక్రమణిక చేతనుండిన చాలునని కొందరందురు. అది ఇంగ్లీషు బైబిలులోని పదములకు సూచికయే గాని, దాని చివరనున్న చిన్న నిఘంటువులోని అర్థములలో మెచ్చినదానిని ఏరుకొనుట వ్యాఖ్యానము గాదు.

కావున పాఠకులారా, "గ్రీకులో ఈ మాటకు అర్థము ఇది" అని వేదికపై వినబడినప్పుడు, ఆ పదము మరి యే వచనములలో వచ్చినదో, అక్కడను ఆ యర్థమే పొసగునో, కూటము ముగిసిన పిమ్మట పాస్టరుగారిని సవినయముగా అడుగుడు.