బియ్యం దారిలో ఈ-పోస్: రేషన్ సరఫరాలో డిజిటల్ మార్పు, మనుషులు

దేశంలోని అతి పెద్ద సరఫరా గొలుసుల్లో ప్రజా పంపిణీ వ్యవస్థ ఒకటి. రైతు దగ్గర కొన్న ధాన్యం మిల్లులో బియ్యమై భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముకో, పౌర సరఫరాల సంస్థ గోదాముకో చేరుతుంది. అక్కడి నుంచి లారీల్లో మండల స్థాయి నిల్వ కేంద్రానికి, అంటే అందరూ ఎంఎల్‌ఎస్ పాయింట్ అని పిలిచే చోటికి వస్తుంది. హమాలీలు బస్తాలు దించి, నిట్టు కట్టి, మళ్లీ బండికెక్కించి రేషన్ దుకాణాలకు పంపుతారు. చివరికి డీలరు తూచి కార్డుదారు సంచిలో పోస్తాడు. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభా వరకు ఈ బియ్యాన్ని హక్కుగా ఇచ్చింది. ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు.

గడిచిన 20 ఏళ్లలో ఈ దారి పొడవునా కంప్యూటర్లు వచ్చాయి. కార్డుల వివరాలు, గోదాముల నిల్వలు, లారీల కదలిక, దుకాణంలో అమ్మకం అన్నీ తెర మీదికి ఎక్కాయి. యంత్రాలు, సాఫ్ట్‌వేర్ చాలాచోట్ల ఒకే తరహావి. ఫలితాలు మాత్రం రాష్ట్రానికో తీరుగా ఉన్నాయి. డీలరుకు ఏం మిగులుతుంది, తరుగు ఎవరి నెత్తిన పడుతుంది, వేలిముద్ర పడని వృద్ధురాలికి దారేది అన్న ప్రశ్నలకు యంత్రం రాకముందే జవాబు వెతికిన చోట మార్పు నిలబడింది. వెతకని చోట ఆకలి మిగిలింది.

బియ్యం పక్కదారి పట్టే వ్యాధి పాతది. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చాక రేషన్ కార్డు విలువ ఒక్కసారిగా పెరిగింది. బజారు ధరకూ రేషన్ ధరకూ తేడా పెరిగే కొద్దీ బియ్యం పక్కదారి పట్టించడానికి ఆశ కూడా పెరుగుతుంది. లేని మనుషుల పేరిట కార్డులు, చనిపోయినా కార్డుల జాబితా అయిన కీ రిజిస్టర్‌లో బతికే ఉన్న పేర్లు, 'సరుకు రాలేదు' అన్న డీలరు మాట దేశమంతా ఉన్నవే. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వాధ్వా కమిటీ ఈ వ్యవస్థను మొత్తంగా కంప్యూటరీకరించాలని సిఫారసు చేసింది. 2012లో కేంద్రం అందుకు పథకం మంజూరు చేసింది.

అంతకన్నా ముందే కదిలిన రాష్ట్రం ఛత్తీస్‌గఢ్. అక్కడ పనులు జరిగిన వరుస గమనించదగ్గది. 2004లో నియంత్రణ ఉత్తర్వు తెచ్చి ప్రైవేటు వ్యక్తుల చేతుల్లోంచి దుకాణాలు తీసి పంచాయతీలకు, మహిళా సంఘాలకు, సహకార సంఘాలకు అప్పగించారు. కమీషన్ పెంచారు. నడుపుకోవడానికి వడ్డీ లేని రుణం ఇచ్చారు. సరుకును ప్రభుత్వమే దుకాణం గడప దాకా చేర్చే ఏర్పాటు చేశారు. ధాన్యం కొనుగోలు, నిల్వల కంప్యూటరీకరణ ఊపందుకున్నది 2007 ప్రాంతంలో, అంటే దుకాణం ఎవరిదో, అందులో బతుకు ఎలా గడుస్తుందో తేలిన తరువాత. నిజాయితీగా అమ్మినా ఇల్లు గడుస్తుందన్న భరోసా ఉన్నవాడికి కంప్యూటర్ శత్రువుగా కనబడదు.

ఆంధ్రప్రదేశ్ దారి వేరు. 2012లో తూర్పు గోదావరి జిల్లాలో ప్రయోగాత్మకంగా, 2015 నుంచి రాష్ట్రమంతటా వేలిముద్రతో అమ్మకాన్ని నమోదు చేసే ఈ-పోస్ యంత్రాలు వచ్చాయి. పని తీరు సులువుగానే ఉంటుంది. డీలరు కార్డు సంఖ్య నొక్కుతాడు, కార్డులోని సభ్యుల్లో ఒకరు వేలు పెడతారు, ఆధార్ సర్వర్ సరేనంటుంది, రసీదు వస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాను కూడా ఈ-పోస్‌కు కలిపారు. కాటా మీద సరైన బరువు పడితేనే లావాదేవీ పూర్తవుతుంది. ఎన్నాళ్లుగానో నడుస్తున్న 'పావు కిలో తక్కువ' తూకానికి ఇది గట్టి అడ్డుకట్ట.

ఇక్కడే డీలర్ల సంఘాలు ఒక ప్రశ్న లేవనెత్తాయి, అది న్యాయమైనది. ఎంఎల్‌ఎస్ పాయింట్ నుంచి బస్తాను లెక్క ప్రకారం 50 కిలోలుగా దించుతారు. హమాలీ కొక్కెం పడి గోనె చిరిగినా, దారిలో గింజలు రాలినా, తేమ ఆరి బరువు తగ్గినా దుకాణానికి చేరేది 48 కిలోలో 49 కిలోలో. పాత రోజుల్లో డీలరు ఆ తరుగును కార్డుదారు తూకంలో సర్దేవాడు. తప్పే, కానీ అందరికీ తెలిసి నడిచిన తప్పు. దుకాణం కాటాకు మాత్రమే యంత్రం తగిలించి గోదాము తూకాన్ని పాత పద్ధతికే వదిలేస్తే, పైనుంచి వచ్చిన నష్టమంతా చివరి మనిషి జేబులో పడుతుంది. అందుకే దుకాణానికి దించే ప్రతి బస్తానూ డీలరు ఎదుట ఎలక్ట్రానిక్ కాటా మీద తూచాలన్నది డీలర్ల ప్రధాన డిమాండ్లలో ఒకటి. డిజిటల్ మార్పును పైస్థాయి నుంచి కిందికి తేవడం న్యాయం. కింది కౌంటరు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపితే, బలహీనుడి మీద మాత్రమే నిఘా పెట్టినట్టు అవుతుంది.

కమీషన్ లెక్క కూడా చూడాలి. 2015 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం సాధారణ రాష్ట్రాల్లో డీలరు మార్జిన్ క్వింటాలుకు 70 రూపాయలు, ఈ-పోస్ ద్వారా అమ్మితే అదనంగా 17. 2022లో ఇవి 90, 21 అయ్యాయి. ఒక దుకాణానికి 500 కార్డులు, కార్డుకు సగటున ముగ్గురు, మనిషికి 5 కిలోలు అనుకుంటే నెలకు 75 క్వింటాళ్లు. పాత రేటున 6,525 రూపాయలు, కొత్త రేటున 8,325. ఇందులోంచే గది అద్దె, కరెంటు, సహాయకుడి కూలి పోవాలి. దొంగదారి మూసినప్పుడు ఆ మేరకు సక్రమ ఆదాయం పెంచకపోతే డీలరు యంత్రాన్ని ఎదిరిస్తాడు, లేదా దానికి కొత్త కన్నం వెతుకుతాడు. ఈ విషయంలో రాష్ట్ర ప్రభుత్వాల డబ్బు లెక్కలు ఎప్పుడూ సాంకేతికత కన్నా వెనకే నడిచాయి.

యంత్రం ముందు నిలబడే మరో మనిషి కార్డుదారు. జీవితమంతా మట్టిలో, సున్నంలో, బీడీ ఆకుల్లో పనిచేసిన చేతుల మీద గీతలు అరిగిపోతాయి. పసిపిల్లలున్న తల్లి, మంచాన పడ్డ తాత దుకాణం దాకా రాలేరు. సిగ్నల్ లేని గూడెంలో వేలు ఎంత మంచిదైనా సర్వర్ పలకదు. ఆంధ్రప్రదేశ్ ఇందుకు కొన్ని మార్గాలు పెట్టింది. ఒక వేలు పడకపోతే రెండు వేళ్ల ముద్రలు కలిపి సరిపోల్చే పద్ధతి, అదీ కుదరకపోతే గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) తన వేలిముద్రతో సరుకు ఇప్పించే పద్ధతి. తెలంగాణలో కొవిడ్ కాలంలో, 2021లో, వేలిముద్రకు బదులు కనుపాప గుర్తింపు, ఫోన్ ఓటీపీ తెచ్చారు. ఆంధ్రప్రదేశ్ పద్ధతిలో మాత్రం వీఆర్వో ఊళ్లో ఉన్న రోజు బియ్యం వస్తుంది, లేని రోజు రాదు. మినహాయింపు అధికారం ఎవరి చేతిలో ఉంది, ఆ మనిషి ఎంత దగ్గరలో ఉంటాడు అన్నది సాఫ్ట్‌వేర్ కన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి.

జార్ఖండ్ ఈ సంగతిని కళ్లకు కట్టింది. అక్కడ ఆధార్ ఆధారిత ఈ-పోస్ ప్రభావాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు పెద్ద ఎత్తున అధ్యయనం చేశారు. యంత్రం పెట్టినంత మాత్రాన లీకేజీ, అంటే బియ్యం పక్కదారి పట్టడం, తగ్గలేదు. ముందే ఆధార్ అనుసంధానం కాని కుటుంబాలకు అందే సరుకు విలువ మాత్రం సుమారు 10 శాతం పడిపోయింది. 2017 జూలైలో మరో అడుగు వేశారు. యంత్రంలోని లెక్క ప్రకారం డీలరు దగ్గర ఎంత మిగిలి ఉండాలో చూసి, ఆ మేరకు కొత్త సరుకు తగ్గించి పంపడం మొదలుపెట్టారు. కాగితం మీద తిరుగులేని తర్కం అది. కానీ అంతకు ముందు నెలల్లో మిగలవలసిన బియ్యం చాలామటుకు దుకాణాల్లో లేదు. అది ఎప్పుడో బజారుకు చేరింది. లెక్కలో ఉండి గదిలో లేని ఆ నిల్వకు శిక్ష డీలరుకు పడినట్టు కనిపించినా, ఖాళీ సంచితో తిరిగివెళ్లింది కార్డుదారు. లీకేజీ తగ్గింది, పేదలకు చేరిన బియ్యమూ తగ్గింది. కొద్ది నెలలకే ఆ పద్ధతి ఆపవలసి వచ్చింది. లెక్కను సున్నాతో మొదలుపెట్టి, డీలర్లకు ముందుగా చెప్పి, కార్డుదారులకు ఫిర్యాదు దారి చూపించి ఉంటే ఈ బాధలో చాలా భాగం తప్పేది. ఆ ఏడాదే అక్టోబరులో, ఆధార్ లేదన్న కారణంగా ఎవరికీ రేషన్ నిరాకరించరాదని కేంద్రం రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది.

డిజిటల్ లెక్క మనిషికి మేలు చేసిన స్పష్టమైన చోటు పోర్టబిలిటీ. కార్డు ఎక్కడిదైనా సరుకు ఎక్కడైనా తీసుకునే 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' 2019 ఆగస్టులో మొదలైంది. మొదటి జంటల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు కూలికి వెళ్లిన కుటుంబం అక్కడే బియ్యం తీసుకోగలిగింది. డీలరుతో కార్డుదారు సంబంధం కూడా మారింది. ఒక దుకాణంలో విసుక్కుంటే పక్క దుకాణానికి వెళ్లవచ్చు. తూకం మంచిదని పేరున్న డీలరుకు గిరాకీ, దానితో కమీషన్ పెరుగుతుంది. అయితే వలస కార్మికులు ఎక్కువగా ఉన్న బస్తీల్లో నెల సగం కాకముందే నిల్వ అయిపోతుంది. వచ్చేవాళ్లను చూసి సరుకు కేటాయించే పద్ధతి జిల్లా కార్యాలయంలో లేకపోతే డీలరు చేతులెత్తేస్తాడు. పోర్టబిలిటీకి అసలు పరీక్ష పౌర సరఫరాల డిప్యూటీ తహసీల్దార్ బల్ల దగ్గర జరుగుతుంది. తెర మీద కనిపించే నిల్వను చూసి ఆ వారమే బండి పంపగల అధికారం ఆ అధికారికి ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో మరో పెద్ద మార్పు వచ్చింది. ఇంటి ముందుకే బియ్యం తెచ్చే 9,260 వాహనాలను ప్రభుత్వం ప్రారంభించింది. దుకాణానికి నడవలేనివాళ్లకు అది నిజంగా ఊరట. డీలర్ల దుకాణాలు మాత్రం వాహనాలకు సరుకు అప్పగించే గోదాముల స్థాయికి దిగాయి. బండి ఆ వీధికి వచ్చే గంటలో పనికి వెళ్లినవాళ్లు మళ్లీ దాన్ని వెతుక్కోవలసి వచ్చింది. ప్రభుత్వం మారాక, 2025 జూన్ 1 నుంచి వాహనాలు ఆపి 29 వేలకు పైగా దుకాణాల ద్వారానే పంపిణీ తిరిగి మొదలుపెట్టారు. ఈసారి దెబ్బ వాహనాలు నడిపినవాళ్ల ఉపాధి మీద పడింది. రెండు మార్పుల్లోనూ యంత్రాలు పెద్దగా మారలేదు. మారినవి ఎవరి బతుకు ఎవరి చేతికి వెళ్లిందన్న సంగతులు.

తిరిగి వచ్చిన దుకాణాలకు నెల 1 నుంచి 15 వరకు, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 వేళలు పెట్టారు. కూలికి వెళ్లి వచ్చేవాళ్లకు సాయంత్రం వేళ దొరికింది. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికి చేర్చే బాధ్యత డీలర్లకే అప్పగించారు. ఈ-పోస్‌ను బండి మీద పెట్టుకుని, సిగ్నల్ వెతుక్కుంటూ గడప గడపకూ తిరిగే ఆ పని క్వింటాలు లెక్కన ఇచ్చే పాత మార్జిన్‌లో ఇమడదు. అందుకు వేరే చెల్లింపు, గోదాములో డీలరు ఎదుటే తూకం, ఊరిలోనే అందుబాటులో ఉండే మినహాయింపు అధికారి అన్న మూడూ ఇంకా పూర్తికావలసిన పనులు.