మాలా ప్యాకెట్ ముచ్చట్లు

మాడుగులపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఓ కొత్తకోడలు గర్భం రాకుండా గోళీలు మొదలుపెట్టింది. రెండో వారంలో మరక కనిపించింది. ఎవరినడగాలి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ వివాహితల్లో నూటికి 60 మందికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. అత్తకూ తోడికోడలికీ తెలిసింది ఆ దారే.

ప్రభుత్వ దవాఖానలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్, దుకాణంలో అమ్మే మాలా-డి, రెండింట్లోనూ మందు ఒకటే. 28 గోళీల్లో 21 తెల్లవి హార్మోన్లు, 7 గోధుమరంగువి ఉత్త ఐరన్. ఆ ఏడు రోజుల్లో వచ్చేది అసలు నెలసరి కాదు, హార్మోన్ ఆగినందుకు గర్భసంచి లోపలి పొర రాలడం. కాబట్టి అది వస్తే గర్భం లేదని పూచీ లేదు. రోజూ సరిగ్గా వేసుకునేవాళ్లకు ఒక నెల రాకపోయినా అంతమాత్రాన గర్భమనీ కాదు.

మధ్యలో మరకల కథ గోళీ అంత పాతది. 1950ల్లో అమెరికాలో గ్రెగరీ పింకస్, జాన్ రాక్ పరీక్షించిన తొలి మందులో అనుకోకుండా కాస్త ఈస్ట్రోజెన్ కలిసిపోయింది. కల్తీ అని తీసేస్తే మధ్యలో రక్తస్రావం ఎక్కువైంది. చేసేది లేక కావాలనే మళ్లీ కలిపారు! 1960లో గర్భనిరోధానికి అనుమతి పొందిన ఎనోవిడ్ అదే. ఇవాళ్టి మాలాలో ఈస్ట్రోజెన్ 0.03 మిల్లీగ్రాములే. మోతాదు తగ్గాక వాంతులూ, రక్తం గడ్డకట్టే ముప్పూ తగ్గాయి. మరకలు మాత్రం మిగిలాయి.

మొదటి మూడు నెలల్లో అవి మామూలే, మందు పనిచేయట్లేదని కాదు. హడలిపోయి మధ్యలో మానేస్తేనే నెల తప్పేది.

సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలి నాట్లు మొదలైతే రాత్రి గోళీ మరిచి నిద్రపోవడం వింతేమీ కాదు. ఒకటి మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, ఒకే రోజు రెండైనా సరే. వరుసగా రెండో అంతకన్నా ఎక్కువో పోతే ఒకటి వెంటనే వేసుకుని, రోజువారీవి కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ వాడాలి. గోధుమరంగువి మరిచినా భయం లేదు. కొత్త ప్యాకెట్ ఆలస్యమైతేనే అసలు ప్రమాదం.

క్షయకిచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ గోళీ బలాన్ని తగ్గిస్తాయి. గొంతునొప్పికిచ్చే అమాక్సిసిలిన్ పాపం ఉత్తపుణ్యానికి నింద మోస్తోంది.

దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకో, పెళ్లికో నెలసరిని వాయిదా వేయడానికి కొనే నోరెథిస్టిరోన్‌ను గర్భనిరోధకంగా నమ్ముకోకూడదు. లక్నో శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఛాయ గోళీలో హార్మోన్ ఉండదు. దానివల్ల నెలసరి వెనక్కి జరగడం, ఆ జరగడాన్ని చూసి గర్భమని కంగారుపడటం రెండూ మామూలే.

అనుమానం తీరాలంటే మూత్ర పరీక్షే దారి. కలిసిన మూడు వారాల తర్వాత చేస్తే నమ్మొచ్చు. గోళీలు ఫలితాన్ని మార్చవు. ప్రభుత్వ నిశ్చయ్ కిట్ కోసం ఆశ కార్యకర్తను అడగవచ్చు. తెలియక తొలి వారాల్లో గోళీలు మింగినా బిడ్డకు అవకరాలొస్తాయనడానికి ఆధారం లేదు. గర్భమని తేలాక ఆపేస్తే చాలు.

మూడు నెలలు దాటినా మరకలు ఆగకపోయినా, కలిసిన తర్వాత రక్తం కనిపించినా డాక్టరుకు చూపించాలి. పరీక్షలో రెండు గీతలు వచ్చి, పొత్తికడుపులో ఒకవైపు నొప్పి కూడా ఉంటే ట్యూబులో గర్భం కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రికి బయల్దేరాల్సిందే.