నోటరీ ముద్రకు గల విలువ

కంచన్‌బాగ్ అనగానే రక్షణ పరిశోధనశాలలు, మిధాని కర్మాగారము జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదు పాతబస్తీని ఆనుకొనియున్న ఆ ప్రాంతమున పనికి చేరిన కుమారుని కొరకు ఒక రైతు ఊరిలో అరెకరము అమ్మి, అచ్చట చిన్న ఇంటిస్థలము కొనెననుకొందము. అమ్మినవాడు స్టాంపు కాగితముపై వ్రాసి, నోటరీచే ముద్ర వేయించి ఇచ్చెను. ఆ ముద్రను చూచి రైతు నిశ్చింతగా ఊరు చేరెను. కాని చట్టము దృష్టిలో ఆ స్థలముపై యాజమాన్యము అతనికి సంక్రమింపనే లేదు. పొరపాటు ఎచ్చట జరిగినది?

నోటరీ అనగా ఎవరో, అతని అధికారమెంతటిదో తెలియకపోవుటయే ఇందుకు కారణము.

నోటరీల చట్టము 1952లో చేయబడి, 1956 ఫిబ్రవరి 14 నుండి అమలులోనికి వచ్చెను. నిబంధనలు 1956లోనే వెలువడెను. వీని ననుసరించి, న్యాయవాదిగా కనీసము 10 సంవత్సరములు పనిచేసినవారు నోటరీగా నియమింపబడుటకు అర్హులు. షెడ్యూల్డు కులములు, షెడ్యూల్డు తెగలు, ఇతర వెనుకబడిన తరగతులవారికిని, స్త్రీలకును 7 సంవత్సరముల అనుభవము చాలును. 10 సంవత్సరములు న్యాయాధికారులుగా పనిచేసినవారును అర్హులే. దస్తావేజు లేఖరి గాని, స్టాంపులు అమ్మువాడు గాని, సర్పంచి గాని తమ హోదా మాత్రముచేత నోటరీలు కాజాలరు.

అర్హత యున్నంతమాత్రమున చాలదు. దరఖాస్తు విచారింపబడిన పిదప కేంద్ర ప్రభుత్వమో రాష్ట్ర ప్రభుత్వమో నియమింపవలెను. అట్లు నియమితుడైన వ్యక్తి పేరు రిజిస్టరున చేర్చి, 5 సంవత్సరములు చెల్లు ధ్రువపత్రము నిత్తురు. గడువు తీరిన పిదప దానిని పునరుద్ధరించుకొనవలెను. నోటరీ తనకు నిర్ణయించిన ప్రాంతములోనే పనిచేయవలెను. అతని గుండ్రని ముద్రపై పేరు, ప్రాంతము, రిజిస్టరు సంఖ్య ఉండవలెను. రుసుముల పట్టికను కార్యాలయము లోపలను, వెలుపలను అందరకు కనబడునట్లు ఉంచవలెను. నోటరీ కాకయే నోటరీనని చెప్పుకొనుట శిక్షార్హమగు నేరము.

ఇక నోటరీ చేయు పని యేమి? ప్రమాణము చేయించి అఫిడవిట్టు తీసికొనును. పత్రముపై సంతకము చేసినది ఫలానా వ్యక్తియేనని ధ్రువపరచును. నకళ్లు అసలుతో సరిపోవుచున్నవని చెప్పును. చేసిన ప్రతి పనిని తన రిజిస్టరున వ్రాయును. సంతకమునకు అతడు సాక్షి. స్థలము ఎవరిదో నిర్ణయించుట అతని పని కాదు.

స్థిరాస్తి విక్రయము వేరు విషయము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము 100 రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకమునకు రిజిస్టరయిన దస్తావేజు ఉండితీరవలెను. ఒప్పందము, ముక్తారునామా, వీలునామా వంటి పత్రములతో జరుపు అమ్మకము వలన హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంపు కేసులో స్పష్టము చేసినది. నోటరీ పత్రములపై కొన్న పట్టణ స్థలముల చిక్కును తొలగించుటకై తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రత్యేకముగా ఉత్తర్వు వెలువరింపవలసి వచ్చెను. గ్రామములలో సాదాబైనామాలు తెచ్చిపెట్టిన ఇబ్బందులు సభ్యులకు తెలియనివి కావు. ఇదియు అట్టిదే.

గ్రామస్థులు కాగితము చేతబట్టుకొని మొదట వచ్చునది పంచాయతీ సభ్యుల వద్దకే. అప్పుడు సభ్యులు వారి నిట్లు హెచ్చరింపవలెనని మేము కోరుచున్నాము: పైకము చెల్లింపకముందే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు తీసికొని చూడవలెను. అమ్మువానికి హక్కు ఎట్లు వచ్చినదో తెలుపు పాత దస్తావేజులను అడుగవలెను. ఇంటిస్థలమైనచో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున, తెలంగాణములో వ్యవసాయ భూమియైనచో తహసీల్దారు కార్యాలయమున రిజిస్ట్రేషను జరిపించుకొనవలెను.

రిజిస్ట్రేషను ఖర్చు తప్పించుకొనదలచి అరెకరము విలువను పోగొట్టుకొనుట పొదుపు కాదు. ఈ సంగతిని రాబోవు గ్రామసభలో ఒక్కమారు చదివి వినిపించినను ఒక కుటుంబమైన నష్టము నుండి తప్పించుకొనగలదు.