సాయం చేద్దాం, ఫోన్ మాత్రం మన చేతిలోనే

తార్నాక చౌరస్తాలో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరినొకరు పలకరించుకోవడం మామూలే. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులు, ఆర్టీసీ ఆసుపత్రికి రోగులను తీసుకొచ్చినవాళ్లు, మెట్రో దిగి బస్సు కోసం చూసేవాళ్లు, పొద్దున్నే క్యాంపస్‌లో నడిచే పెద్దవాళ్లు... ఎవరో ఒకరు దారి అడుగుతారు, ఒక్క ఫోన్ చేసుకుంటామంటారు. కాదనడానికి మనసొప్పదు. లాటరీ పేరిట జరిగే మోసం మన ఆశ మీద నడుస్తుంది. పోలీసులమంటూ ఫోన్‌లో బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’ మన భయం మీద నడుస్తుంది. ఇంకో రకం మోసానికి మాత్రం మన మంచితనమే పెట్టుబడి. అది ఎలా జరుగుతుందో తెలిస్తే తప్పించుకోవడం కష్టమేమీ కాదు.

ఒక్క ఫోన్ చేసుకుంటా

“అన్నా, ఛార్జింగ్ అయిపోయింది. అమ్మకు ఒక్క ఫోన్ చేసి ఇస్తా” అంటాడు ఓ కుర్రాడు. మీరు లాక్ తీసి ఫోన్ ఇస్తారు. అతను మామూలుగా నంబరు నొక్కుతున్నట్టే ఉంటుంది. నిజానికి ముందు *21* లేదా *401* కొట్టి, ఆ తర్వాత తనవాళ్ల నంబరు నొక్కుతాడు. అంతే, మీకు రావాల్సిన కాల్స్ ఆ నంబరుకు మళ్లిపోతాయి. “ఎత్తుతలేరన్నా” అని దండం పెట్టి ఫోన్ తిరిగిచ్చేస్తాడు. మీకు తేడా ఏమీ కనిపించదు.

ఈలోగా అవతలి మనిషి తన ఫోన్‌లో మీ నంబరుతో వాట్సాప్ తెరుస్తాడు. అందుకు కావాల్సిన ఆరంకెల కోడ్‌ను కాల్ చేసి చెప్పమని వాట్సాప్‌ను కోరతాడు. ఆ కాల్ నేరుగా అతనికే వెళ్తుంది. ఇక మీ పేరు మీద మీ అక్కకూ, స్నేహితులకూ “అర్జెంటుగా డబ్బు కావాలి” అని మెసేజ్‌లు పోతాయి. మీ జాలితో మొదలైన మోసం మీవాళ్ల ప్రేమను కూడా వాడుకుంటుంది.

ఇలాంటి కోడ్‌లతో కాల్స్ మళ్లించే సేవను 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయాలని కేంద్ర టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. అయినా ఫోన్ సెట్టింగ్స్‌లోంచి కాల్స్ మళ్లించే వీలు ఉంటూనే ఉంది. అందుకే ఫోన్ చేయి దాటనివ్వకండి. నంబరు అడిగి మీరే డయల్ చేయండి, స్పీకర్ పెట్టి మాట్లాడించండి. స్టార్‌తోనో హ్యాష్‌తోనో మొదలయ్యే నంబరు ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎవరు చెప్పినా కొట్టకండి. కొరియర్ మనిషినంటూ ఫోన్‌లో చెప్పినా సరే. అనుమానం వస్తే ##002# డయల్ చేయండి, మళ్లింపులు రద్దవుతాయి. సెట్టింగ్స్‌లో ‘కాల్ ఫార్వార్డింగ్’ కూడా ఒకసారి చూసుకోండి. వాట్సాప్‌లో ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ పెట్టుకుంటే కోడ్ దొరికినవాడికి కూడా మీ పిన్ అడ్డుపడుతుంది.

పొరపాటున మీకు పడింది

“సార్, ఆసుపత్రికి కట్టాల్సిన డబ్బు పొరపాటున మీ నంబరుకు పంపాను, దయచేసి వెనక్కి పంపండి” అని ఏడుపు గొంతుతో ఫోన్ వస్తుంది. బ్యాంకు నుంచి వచ్చినట్టే ఉండే మెసేజ్ కూడా అప్పటికే వచ్చి ఉంటుంది. ఆ మెసేజ్ రాసింది మోసగాడే. మెసేజ్‌ను కాదు, ఖాతాలో బ్యాలెన్స్‌ను చూడండి. డబ్బు నిజంగానే పడి ఉన్నా మీరుగా పంపకండి. పంపినవాళ్లను వాళ్ల బ్యాంకులో ఫిర్యాదు చేయమనండి, మీ బ్యాంకుకూ తెలియజేయండి. ఆ డబ్బు ఇంకెవరి దగ్గరో కొట్టేసింది కావచ్చు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు వస్తుందని నమ్మి పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి డబ్బు పోతున్నట్టే.

మీ ఖాతాలో వేయించుకుంటా

విద్యార్థులు ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. “నా ఖాతా పనిచేస్తలేదు. మా నాయిన పైసలు పంపుతుండు, నీ ఖాతాకు వేయిస్తా, ఏటీఎంలో తీసియ్యవా?” అని అడుగుతారు. ఎక్కడో ఒక వృద్ధుణ్ని బెదిరించి లాగిన సొమ్ము అలా మీ ఖాతా గుండా నగదుగా మారుతుంది. బాధితుడు ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆ జాడ పట్టుకుని ముందు మీ దగ్గరికే వస్తారు. స్కాలర్‌షిప్ పడే ఖాతా స్తంభించిపోవచ్చు, కేసులో మీ పేరూ రావచ్చు. “సాయం చేశానంతే” అని నిరూపించుకునే భారం మీ మీద పడుతుంది.

అడిగిన మనిషి నిజంగానే కష్టంలో ఉంటే? ఆకలైతే భోజనం పెట్టించండి. ఊరికి పోవాలంటే టికెట్ కొనివ్వండి. వైద్యానికైతే ఆసుపత్రి నంబరు మీరే కనుక్కుని విచారించి, నేరుగా ఆసుపత్రి ఖాతాకే కట్టండి. దిక్కుతోచని స్థితిలో ఉంటే ఉస్మానియా యూనివర్సిటీ పోలీస్ స్టేషన్‌కు తోడు వెళ్లండి. కష్టంలో ఉన్నవాళ్లకు ఈ సాయం సరిపోతుంది. ఫోనే కావాలి, కోడే కావాలి, ఖాతాయే కావాలి అని పట్టుబట్టినవాడి మీద అనుమానపడటం తప్పు కాదు.

మోసపోతే

వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. సమాచారం అందగానే బ్యాంకులు ఆ డబ్బును ఎక్కడిదక్కడ ఆపడానికి ప్రయత్నిస్తాయి. కొట్టేసిన సొమ్ము ఒక ఖాతాలో ఎక్కువసేపు ఉండదు, కాబట్టి ఎంత త్వరగా చెబితే అంత మంచిది. మీ బ్యాంకుకు చెప్పడం కూడా మరవకండి. ఓటీపీ, పిన్ మనమే చెప్పిన సందర్భాల్లో బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనమే భరించాలని రిజర్వు బ్యాంకు 2017లో తెచ్చిన నిబంధనలు చెప్పాయి.

చాలామంది సిగ్గుపడి ఇంట్లో చెప్పరు. ఆ మౌనం దొంగకే కలిసొస్తుంది. పెద్దవాళ్లు మోసపోయి వస్తే “నీకెందుకీ పెత్తనం” అని కసరకండి, పక్కన కూర్చుని 1930 డయల్ చేయండి. నమ్మినవాళ్లది నేరం కాదు, ఆ నమ్మకాన్ని అమ్ముకున్నవాళ్లది నేరం. రేపు తార్నాకలో ఎవరైనా “అన్నా, ఒక్క ఫోన్” అంటే ముఖం తిప్పుకోకండి. నంబరు అడిగి, మీ చేత్తోనే కలిపి మాట్లాడించండి.