బోనాలొస్తే బిగుసుకునే కిటికీ

హనుమకొండలో మా మేనత్త ఇంటి పడమటి కిటికీకి ఒక అలవాటుంది. బోనాల నెల రాగానే బిగుసుకుంటుంది. రెక్కలు రెండూ దగ్గరికొస్తాయి గానీ కలవవు. అరచేత్తో గుద్దితే ఒకటి లోపలికి పోతుంది, రెండోది దాని మీదెక్కి కూర్చుంటుంది. అదే కిటికీ వేసవిలో ఏమీ ఎరగనట్టు వేలితో తోస్తే మూసుకుంటుంది.

ఒక ఆషాఢంలో నాకు ఉత్సాహం ఎక్కువై, పక్కింటివాళ్ళ చిత్రిక అరువు తెచ్చి రెక్కల అంచులు రెండూ గీసేశాను. కిటికీ హాయిగా మూసుకుంది. మే నెలలో మేనత్త ఫోన్ చేసింది. "నువ్వు బాగుచేసిన కిటికీల నుంచి పిల్లి తప్ప అన్నీ వస్తున్నయ్ రా. దుమ్ము, వడగాలి, బల్లులు."

ఆ తర్వాత ఆవిడ పిలిపించిన వడ్లాయన నేను చేసిన పని చూసి నవ్వాడు. "వానకాలంల చెక్క నీళ్ళు తాగి ఉబ్బి ఉంటది సార్. ఉబ్బినోన్ని కొలిచి అంగీ కుడితె, తగ్గినంక వదులు గాదా?"

నేను పుస్తకాల్లో చదివి మరిచిపోయిన సంగతి ఆయన ఒక్క మాటలో చెప్పాడు. చెక్క అంటే సన్నని గొట్టాల కట్ట. చెట్టు బతికున్నప్పుడు ఆ గొట్టాల్లోంచే నీరు పైకెక్కేది. చెట్టు కొట్టి, కోసి, ఎండబెట్టి కిటికీ చేశాక కూడా గొట్టాల గోడల్లోని సెల్యులోజ్‌కి నీటి మీద మమకారం పోదు. గాలిలో తేమ పెరిగితే నీటి అణువులు ఆ గోడల్లోకి చేరి, సెల్యులోజ్ పోగుల మధ్య ఇరుక్కుని వాటిని పక్కకి నెడతాయి. చెక్క ఎండు బరువులో సుమారు 30 శాతం నీరు చేరేదాకా ఈ ఉబ్బు సాగుతుంది. అంతకు మించి వచ్చిన నీరు గొట్టాల బోలులో నిలుస్తుందే తప్ప చెక్కను ఇంకా ఉబ్బించదు.

ఉబ్బు కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. పోగులు నిలువునా పేర్చి ఉంటాయి కాబట్టి పొడవునా చెక్క దాదాపు పెరగదు, అడ్డంగానే పెరుగుతుంది. పచ్చి టేకును పూర్తిగా ఎండబెడితే పెరుగుదల వలయాల వెంట సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం కుంచించుకుపోతుంది. చెక్కల్లో ఇది చాలా తక్కువ. మన పెద్దవాళ్ళు ఖర్చుకు వెనకాడకుండా తలుపులకూ కిటికీలకూ టేకు కోరుకోవడానికి చెద పట్టకపోవడం ఒక కారణమైతే, వంకరపోకపోవడం రెండో కారణం.

ఇప్పుడు మా మేనత్త కిటికీ లెక్క చూద్దాం. రెండు రెక్కలు, ఒక్కో రెక్కకు రెండు నిలువు పట్టీలు, ఒక్కో పట్టీ మూడంగుళాల వెడల్పు. మధ్యలో గాజు, అది ఉబ్బదు. పైనా కిందా ఉన్న అడ్డ పట్టీలు పొడవునా పెరగవు. అంటే కిటికీ వెడల్పులో ఉబ్బే చెక్క మొత్తం నాలుగు పట్టీలు, 300 మిల్లీమీటర్లు. గాలిలో తేమ 40 శాతం ఉంటే చెక్కలో నీరు ఏడెనిమిది శాతం దగ్గర ఆగుతుంది. తేమ 80 శాతంలో వారాల తరబడి ఉంటే పదిహేను దాటుతుంది. తేడా ఎనిమిది శాతం. దానికి టేకు ఉబ్బే లెక్క కడితే 300 మిల్లీమీటర్లకు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. కిటికీ రెక్కల మధ్య వదిలే సందు మామూలుగా అంతే, ఒక్కోసారి అంతకన్నా తక్కువే.

ఈ లెక్కతో ఒక రోగనిర్ధారణ కూడా చేయొచ్చు. చెక్క నిలువునా పెరగదు కాబట్టి, కేవలం తేమ వల్ల బిగుసుకున్న కిటికీ రెక్కలు కలిసే నిలువు గీత వెంట, లేదా బందుల వైపు రాసుకోవాలి. అలా కాక రెక్క కింది మూల గడప మీద రాసుకుంటుంటే తప్పు చెక్కది కాదు, పైబందుది. దాని స్క్రూలు వదులై రెక్క ముందుకు వాలిపోయింది. పాత పేపరు ముక్క ఒకటి సందులో పెట్టి పైనుంచి కిందికి లాగండి. ఎక్కడ పట్టుకుంటుందో అక్కడే రాపిడి. రెక్క వాలితే చిత్రికతో పనిలేదు. స్క్రూ తీసి, ఆ కన్నంలో తలలు విరిచేసిన అగ్గిపుల్లలు రెండు ఫెవికాల్‌లో ముంచి దూర్చి, ఆరాక మళ్ళీ స్క్రూ బిగిస్తే చాలు. స్క్రూ మరలు పట్టుకోవడానికి కొత్త చెక్క దొరుకుతుంది, అంతకన్నా రహస్యం లేదు.

తేమతో బిగిసినదైతే? వానాకాలం పోయేదాకా అంచుకి కొవ్వొత్తి మైనం రుద్ది సరిపెట్టుకోవాలి. గీయక తప్పకపోతే ఎండాకాలంలో కొలత తీసుకుని, ఉబ్బడానికి చోటు వదిలి గీయాలి. ఎండిన చెక్కకి రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెడితే పట్టేంత సందు ఉండాలని మా వడ్లాయన కొలత. అంటే సుమారు మూడు మిల్లీమీటర్లు! స్కేలు పట్టి నేను వేసిన లెక్కకీ ఆయన బిళ్ళలకీ తేడా లేకపోవడం నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది.

ఇంకో సంగతి ఆయన చూపిస్తేనే తెలిసింది. రెక్క కింది అంచు కింద చిన్న అద్దం పెట్టి చూడమన్నాడు. రెక్క ముందూ వెనకా నిగనిగలాడే రంగు. కింది అంచు మాత్రం రంగు లేని ఒట్టి చెక్క. ముప్ఫై ఏళ్ళలో ఎన్నిసార్లు రంగు వేయించారో, ఒక్క పెయింటరూ అక్కడ బ్రష్ పెట్టలేదు. కనిపించని చోటు కదా! నిలువు పట్టీల గొట్టాల మూతులన్నీ తెరుచుకునేది సరిగ్గా అక్కడే. గడప మీద నిలిచిన వాననీటిని ఆ మూతులు దీపం వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తాయి. కిటికీలు ఎప్పుడూ కింది మూలల్లోనే ఎందుకు పుచ్చుతాయంటే ఇందుకే. చెక్కను కుళ్ళబెట్టే బూజుకి చెక్కలో నీరు 20 శాతం దాటి ఉండాలి. ఆ లోపున ఆరుతూ ఉంటే అది పెరగదు. రంగు ఆవిరిని పూర్తిగా ఆపలేదు, ఆలస్యం మాత్రం చేస్తుంది. ఆ ఆలస్యమే చాలు.

మూల మెత్తబడిందేమో తెలుసుకోవడానికి స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. గట్టిచెక్క ఎదురు తిరుగుతుంది, పుచ్చిన చెక్క దారి ఇస్తుంది. పుచ్చినదంతా ఉలితో తీసేసి, గట్టి చెక్క తగిలాక, అదే జాతి చెక్క ముక్కను పోగులు అదే దిక్కుకు వచ్చేలా అతికించాలి. దిక్కు తప్పితే అతుకు వేసిన ముక్క ఒకవైపు, పాత చెక్క ఇంకోవైపు ఉబ్బి అతుకు నోరు తెరుస్తుంది. రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి పూడ్చేయడం అందరూ చేసే పనే. గది లోపలి కన్నాలకు పనికొస్తుంది. వాన పడే చోట మామూలు ఫెవికాల్ తేమకు మెత్తబడుతుంది కాబట్టి నీటికి ఓర్చుకునే రకం కావాలి.

చెక్క కిటికీలో ఇనుము ఉన్న చోట మరో నాటకం నడుస్తుంటుంది. మేకు చుట్టూ నల్లటి మచ్చ చూసే ఉంటారు. అది మురికి కాదు. చెక్కలోని టానిన్లూ, తేమకు కరిగిన ఇనుమూ కలిస్తే వచ్చే నలుపు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత పుట్టేది ఇదే రసాయనంతో. అక్కడ గుడ్డకు కరక్కాయ పట్టించి, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ పులియబెట్టిన నీటితో గీస్తారు. కిటికీల్లో నల్లమద్ది చెక్క వాడిన ఇళ్ళలో ఈ మచ్చ మరీ చిక్కగా ఉంటుంది. నల్లమద్దీ కరక్కాయ చెట్టూ ఒకే ప్రజాతివి, టెర్మినేలియా. కలంకారీకి అందం తెచ్చేది కిటికీకి మాత్రం హెచ్చరిక. మేకు కరుగుతోంది, దాని చుట్టూ చెక్క బలం పోతోంది అని.

ఇనుప చువ్వల తుప్పుకి ఇంకో దుర్గుణం ఉంది. తినేసిన ఇనుము కన్నా రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. చువ్వ గోడలోకి దిగిన చోట ప్లాస్టరు పగిలి రాలుతోందంటే దానికి కారణం సుతారి పనితనం కాకపోవచ్చు, లోపల లావెక్కిన చువ్వ కావచ్చు. పైన సిమెంటు పూస్తే ఏడాదిలో మళ్ళీ పగులుతుంది. తుప్పంతా మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, అదే రోజు రెడాక్సైడ్ కొట్టాలి. తమాషా ఏమిటంటే ఆ రెడాక్సైడ్‌లో ఎర్రరంగునిచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే, తుప్పుకి దగ్గరి చుట్టం. అయితే అది అప్పటికే ఆక్సీకరణ చెందినది, ఇక మారదు. పైగా నూనెలో కలిసి పొరగా పరుచుకుంటుంది.

పాత ఇళ్ళలో రంగు గీకేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులకు మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు వేసిన రంగులో ఎంత ఉందో మీ కిటికీకే తెలియాలి. పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకి పోతుంది. తడి గుడ్డతో తుడుస్తూ, తడి పట్టే ఎమరీ పేపర్‌తో రుద్దండి. ఈ వ్యాసం మొత్తంలో నీళ్ళు మన పక్షాన ఉండేది ఇక్కడొక్కచోటే.

గాజు దగ్గర కూడా నీళ్ళ పాత్ర ఉందంటే మొదట నేను నమ్మలేదు.

ముందు పగులు సంగతి చూద్దాం. షాంపూ ప్యాకెట్ అంచున గాటు లేకపోతే పళ్ళతో లాగినా చిరగదు, చిన్న గాటుంటే వేళ్ళకే చిరుగుతుంది. లాగిన బలమంతా ఆ గాటు మొన దగ్గర పోగవుతుంది కాబట్టి. గాజు సిద్ధాంతం ప్రకారం ఉండాల్సిన బలంలో దాదాపు నూరోవంతే ఎందుకు చూపిస్తుందని వెతికిన బ్రిటిష్ ఇంజనీరు ఎ.ఎ. గ్రిఫిత్, దానికి కారణం కంటికి కనిపించని ఇలాంటి గాట్లేనని 1921లో ప్రచురించిన పరిశోధనలో చూపించాడు. గాజు కోసేవాడు చేసేదీ ఇదే. వజ్రంతో గాజును కోయడు, ఒక గీత గీసి బలం పోగయ్యే చోటు తానే నిర్ణయిస్తాడు, తర్వాత వంచి విరుస్తాడు.

గాజంటే సిలికాన్, ఆక్సిజన్ గొలుసులు. పగులు మొన దగ్గర ఆ గొలుసులు బిగుతుగా సాగి ఉంటాయి. అలాంటి చోటికి నీటి అణువు వస్తే గొలుసు లంకెతో చర్య జరిపి దాన్ని తెంపేస్తుంది. పగులు ఒక్క అడుగు ముందుకు. మరో అణువు, మరో అడుగు. అందుకే గాజు పగులు ఎవరూ ముట్టుకోకపోయినా వారాల తరబడి పాకుతుంది. మీ ఇంట్లో పగులు ఉంటే దాని చివర స్కెచ్‌పెన్‌తో చుక్క పెట్టి తేదీ రాయండి. వానాకాలం పోయాక చుక్క దాటి ఎంత వెళ్ళిందో కనిపిస్తుంది. మీద అతికించే టేపు పగులును ఆపదు, ముక్కలు కింద పడకుండా చూస్తుందంతే. కారు అద్దాలకు వాడే రెసిన్ గాటును నింపి తేమను బయట ఉంచుతుంది, చిన్న గాటుకు సరిపోతుంది. అంచు దాకా పాకిన పగులుకి గాజు మార్చడమే మార్గం. టఫెన్డ్ గాజైతే కోయడం, కన్నం పెట్టడం రెండూ కుదరవు, కోయబోతే మొత్తం పలుకులై రాలుతుంది. దాన్ని కొలతకు చేయించుకోవాల్సిందే.

కొత్త గాజు కొలిచేటప్పుడు గాడి కన్నా పొడవులో, వెడల్పులో రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గించండి. చెక్క కదులుతుంది, గాజు కదలదు. సందు లేకపోతే వాటి తగవులో పగిలేది గాజే. తర్వాత లప్పం. ఇక్కడ చాలామంది గోడకి పూసే వాల్‌పుట్టీ డబ్బా తెచ్చేస్తారు. అది తెల్ల సిమెంటు, పెళుసు. కిటికీ లప్పం వేరు: సుద్దపొడి, అవిసెగింజల నూనె. ఈ నూనె నీళ్ళలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడుతుంది, అందుకు రోజులు పడుతుంది. ఒట్టి చెక్క మీద నేరుగా పెడితే చెక్క నూనె తాగేసి లప్పం పొడిపొడిగా రాలుతుంది, కనుక ముందు గాడికి ప్రైమర్ పూయాలి. నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు పుట్టే వేడి ఉండలో చిక్కుకుని, వాటంతట అవే అంటుకుంటాయి. పరిచి ఆరేయాలి.

అల్యూమినియం స్లైడింగ్ కిటికీల వాళ్ళు ఇదంతా తమకు కాదనుకోవచ్చు. వాళ్ళు కింది పట్టాలో బయటివైపు చూడాలి. నీళ్ళు పోవడానికి చిన్న కన్నాలుంటాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో వాటి నిండా దుమ్ము పేరుకుని, వాన పడితే పట్టా తొట్టిలా నిండి నీళ్ళు గదిలోకి పొంగుతాయి. సీలెంట్ గొట్టంతో మనిషి వచ్చి కనిపించిన సందులన్నీ పూడ్చి, ఆ కన్నాలు కూడా పూడ్చి వెళ్ళిన ఉదంతం మా ఇంట్లోనే ఉంది. మరుసటి వానకి హాలు తడిసింది. ఒక సన్నని పుల్లతో నేను కన్నాలు పొడిచి తెరిచేసరికి ఆగింది.

మేనత్త ఇంట్లో వడ్లాయన నా చిత్రిక పనికి విరుగుడుగా రెక్క అంచుకి సన్నని టేకు బీడింగ్ అతికించాడు. ఏప్రిల్‌లో, రెండు బిళ్ళల సందు చూసుకుని. తర్వాత రెక్కలను బందుల నుంచి దించి, నేల మీద బోర్లించి, కింది అంచుకు రెండు చేతులు రంగు వేయించాడు, నాతోనే. మొన్నటి బోనాలకు ఆ కిటికీ బిగుసుకోలేదు. కానీ పక్కదానికి ఇంకా వేయలేదు. అది నాకోసం ఎదురుచూస్తోందని మేనత్త చెబుతోంది.