శంకించు సాఫ్ట్‌వేరు

దేశమంతటికిని ఉపాధిహామీపథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన యనంతపురము జిల్లా బండ్లపల్లెలోనే ప్రారంభమైనది. మన రాష్ట్రమున నా పనికి పోయినవారిలో సగమునకు మించి స్త్రీలే. దొంగహాజరులు పెరిగినవని 2023 జనవరి 1 నుండి దినమునకు రెండుమాఱులు పనిచోటనే సెల్‌ఫోనుతో కూలీల ఛాయాచిత్రము తీసి పంపవలెనని నిర్బంధించిరి.

దొంగహాజరులు లేవని మేమనము. సాఫ్ట్‌వేరు నిర్మించువారు లోనికి వచ్చు ప్రతి యంకెను శంకింపవలసినదే. రాత్రి తలుపు గడియ వేయని గృహిణి యెవరు? కాని ఫోను చెడినను, సిగ్నలు అందకున్నను చిత్రము చేరదు. చేరనిచో హాజరు లేదు; ఎండలో మన్ను త్రవ్విన యామెకు కూలి లేదు. యంత్రము తప్పినప్పుడు నష్టమెవరిదో ముందే తలచుటయు నిర్మాతల పనియే కదా! అదియే మఱచిరి.

దొంగలు మాత్రము చిక్కిరా? చిత్రమునకే మరల చిత్రము తీసి పంపుచున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధిశాఖవారే యుత్తరువున వ్రాసిరి. పనికి రానివానికి ఎండ బాధయు లేదు.

తప్పిన హాజరును మరల నెక్కించుటకు జిల్లా యధికారి యనుమతి కావలెనని నియమము పెట్టిరి. ఒక దినపు కూలికై గంప దింపి యామె జిల్లాకేంద్రమునకు పోవునా?