ఆ మాట వింటే మీకేం గుర్తొస్తుంది?

దివిసీమలో తెలుగు చెప్పే టీచర్ని నేను. 'ఉప్పెన' అన్న మాట బోర్డు మీద రాసి, చూడగానే తట్టింది రాయమంటే తొమ్మిదో తరగతి పిల్లల్లో చాలామంది 2021లో వచ్చిన సినిమా గురించి రాస్తారు. హీరోయిన్ పేరు రాస్తారు, పాటలు రాస్తారు. అదే మాట మా అమ్మ దగ్గర అంటే ఆవిడ నోట వచ్చేది ఒకటే: తుమ్మచెట్టు. 1977 నవంబరు 19న సముద్రం మా ఊళ్ల మీద పడ్డప్పుడు పది వేలమందికి పైగా పోయారు. నీళ్లు తీసేదాకా ముళ్లతో సహా చెట్టును కావలించుకుని బతికి బయటపడ్డవాళ్లలో అమ్మ ఒకరు.

సముద్రం పొంగి ఊళ్ల మీదికి రావడం ఉప్పెన. ఈ అర్థం అందరిదీ. తుమ్మచెట్టు మాత్రం మా అమ్మది. మనం రోజూ వాడే మాటల్లో చాలావాటికి ఇలాంటి సొంత అర్థం ఒకటి ఉంటుంది. అదేమిటో తెలుసుకోవడానికి ఒక కాగితం, ఒక పెన్ను, ఎవరూ పిలవని పది నిమిషాలు చాలు. ఈ సాధన నేను చేస్తాను, పిల్లలతో చేయిస్తాను. దీని వెనక నూటనలభై ఏళ్లకు పైబడిన చరిత్ర కూడా ఉంది.

చీటీలతో మొదలు

1879లో ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త తన ప్రయోగ ఫలితాలు ప్రకటించాడు. 75 మాటలు విడివిడి చీటీల మీద రాసుకుని, ఒక్కొక్కటే చూస్తూ, వెంటనే ఏం తట్టిందో, అందుకు ఎంతసేపు పట్టిందో నమోదు చేసుకున్నాడు. సుమారు నెల ఎడంతో అదే పని నాలుగుసార్లు చేశాడు. మొత్తం 660 సెకన్లలో 505 తలపులు వచ్చాయి. మళ్లీ మళ్లీ వచ్చినవి తీసేస్తే మిగిలినవి 289. మనసు మనం అనుకున్నంత విచ్చలవిడిగా తిరగదనీ, తొక్కిన దారే మళ్లీ తొక్కుతుందనీ ఆయనకు అర్థమైంది. ఆ తలపుల్లో చెప్పుకోదగ్గ వాటా చిన్ననాటివీ, పడుచు వయసువీ. ఇవి మనిషి లోగుట్టును ఎంతగా బయటపెడతాయంటే, నలుగురికీ చూపించడానికి ఎవరూ ఇష్టపడరని ఆయనే రాశాడు.

తర్వాత పాతికేళ్లకు స్విట్జర్లాండులోని జూరిక్‌లో కార్ల్ యూంగ్ అనే యువ డాక్టరు ఇదే పద్ధతిని మానసిక చికిత్సాలయంలోకి తెచ్చాడు. వంద మాటల జాబితా, చేతిలో స్టాప్‌వాచ్. డాక్టరు ఒక మాట అంటాడు, ఎదుటి మనిషి తనకు తోచిన మాట చెప్పాలి. యూంగ్ జవాబునే కాదు, జవాబుకు ముందు జరిగిన ఆలస్యాన్నీ లెక్కలోకి తీసుకున్నాడు. కొన్ని మాటల దగ్గర మనుషులు తడబడేవారు, నవ్వేవారు, అడిగిన మాటనే తిరిగి అనేవారు. రెండోసారి అడిగితే మొదట ఏం చెప్పారో మరిచిపోయేవారు. ఎక్కడ మాట ఆగిందో అక్కడే లోపలి నలుగుడు ఉందని ఆయన పసిగట్టాడు. ఆ కాలంలోనే వియన్నాలో మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ తన దగ్గరకొచ్చిన వాళ్లను మంచం మీద పడుకోబెట్టి, మంచీ చెడూ చూసుకోకుండా నోటికొచ్చిందల్లా చెప్పమనేవాడు. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో మనోవిశ్లేషణ సంఘం పెట్టడంతో ఈ దారి మన దేశానికీ వచ్చింది.

మన నవలలకు కూడా ఇది కొత్త కాదు. ఒక తలపు ఇంకో తలపును లాక్కురావడాన్నే మన విమర్శకులు చైతన్యస్రవంతి అన్నారు. నవీన్ 'అంపశయ్య' (1969) ఉస్మానియా విద్యార్థి ఒకడి జీవితంలో ఒకే ఒక్క రోజును ఆ పద్ధతిలోనే చెబుతుంది.

మొదటి జవాబు అందరిదీ

1910లో అమెరికాలో కెంట్, రోజనాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు వెయ్యిమందికి వంద మాటలు ఇచ్చి చూశారు. 'బల్ల' అనగానే ఎక్కువమంది చెప్పిన జవాబు 'కుర్చీ'. మా క్లాసులోనూ అంతే. 'వాన' అంటే గొడుగు, 'సెలవు' అంటే ఆట. మొదట వచ్చే జవాబు చాలాసార్లు లోకం మనకు నేర్పిందే. అందుకని నేను ఒక మాటతో ఆపనివ్వను. దాని కింద ఇంకోటి, దాని కింద మరోటి, పది దాకా రాయమంటాను. నాలుగో మాటో అయిదో మాటో దగ్గర సొంత గొంతు పలుకుతుంది. ఒకసారి ఒక అమ్మాయి 'సెలవు' కింద ఆట, టీవీ, అన్నం అని రాసి, ఆ తర్వాత మినుము, నడుం నొప్పి, కూలి డబ్బులు అని రాసింది. బడి లేని రోజుల్లో ఆ పిల్ల అమ్మతో పాటు మినుము చేలోకి పనికి వెళ్తోంది. సెలవులకు హోంవర్కు ఇచ్చేటప్పుడు ఆ కాగితం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

అప్పు అంటే

నా కాగితం కూడా ఒకటి చెబుతాను. మొదటి మాట 'అప్పు'. దాని కింద నేను రాసినవి ఇవి: ప్రోనోటు, రెవెన్యూ స్టాంపు, నాన్న సంతకం, వీధరుగు, చెప్పుల చప్పుడు. అక్కడ పెన్ను ఆగిపోయింది. చాలాసేపటికి గాని తర్వాతి మాట రాలేదు. అది మాట కాదు, పూర్తి వాక్యం: "నాన్నగారు ఊళ్లో లేరని చెప్పు."

అప్పిచ్చిన పెద్దమనిషి వీధిలోకి వస్తుంటే, లోపలి గదిలో ఉన్న నాన్న ఊళ్లో లేరని చెప్పడానికి అమ్మ నన్ను గుమ్మంలోకి పంపేది. నాకప్పుడు ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో. ఎన్నో ఏళ్లుగా కిస్తీ అన్న మాట వింటేనే నా గుండె ఎందుకు దడదడలాడుతుందో ఆ కాగితం మీద తేలింది. జీతం వచ్చే ఉద్యోగం ఉన్నా, బ్యాంకువాళ్లు తామే వచ్చి అప్పు ఇస్తామన్నా నేను వద్దనడానికి కారణం లెక్కల్లో లేదు, ఆ గుమ్మంలో ఉంది.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఫ్లాటు కొంటానన్నప్పుడు ఇంట్లో పెద్ద వాదన జరిగింది. "అమ్మా, నెలనెలా కట్టేసేదే కదా, దీన్ని అప్పు అంటావేంటి?" అన్నాడు. వాణ్ని కూడా కూర్చోబెట్టి రాయించాను. వాడి కాగితం మీద ఉన్నవి: ఈఎంఐ, సిబిల్ స్కోరు, బాల్కనీ, గోడకు మేకు, సొంత తాళం. నా బదిలీలతో అద్దె ఇళ్లు మారుతూ, గోడకు మేకు కొడితే ఇంటివాళ్లు ఊరుకోరని వింటూ పెరిగిన పిల్లాడు వాడు. నాకు చెప్పుల చప్పుడు ఎంత నిజమో, వాడికి ఆ మేకు అంత నిజం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాక మా మాటల్లో వేడి తగ్గింది. లోను తీసుకున్నాం. కాకపోతే కిస్తీ వాడి జీతంలో మూడో వంతు దాటకూడదని ఇద్దరం కలిసి నిర్ణయించుకున్నాం.

ఎలా చేయాలి

ఇంట్లో తరచూ గొడవకు కారణమయ్యే మాట ఒకటి తీసుకోండి: డబ్బు, చదువు, పెళ్లి, పరువు. గబగబా రాయండి, కొట్టివేతలు వద్దు. పెన్ను ఎక్కడ ఆగిందో అక్కడ చిన్న గీత పెట్టండి. కొన్నాళ్ల తర్వాత అదే మాటతో మళ్లీ రాసి, రెండుసార్లూ వచ్చినవేమిటో చూసుకోండి. ఆ గీత దగ్గర మొదలుపెట్టి నాలుగు వాక్యాలు రాస్తే సంగతి తేటపడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థుల చేత రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు తమ కష్టమైన అనుభవాలు రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం తమ కష్టాన్నీ, దాని బాధనూ కలిపి రాసినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. కాబట్టి కాస్త బాధ సహజమే. తట్టుకోలేనంత అయితే పెన్ను పక్కన పెట్టి మనసున్న మనిషితో మాట్లాడండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఇంకొకరి కాగితం చూసి వాళ్ల మనసుకు జబ్బు పేరు పెట్టే పని మాత్రం ఎవరూ చేయకూడదు.

మీ ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే ఈ ఆదివారమే వాళ్ల పక్కన కూర్చోండి. ఊరు, పండగ, ఆకలి, రైలు, ఇలా నాలుగు మాటలు అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, తేదీ వేసి రాసిపెట్టుకోండి. ఆ అర్థాలు వాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవు.